కీచురాళ్ల కోసం కొన్న స్టీరియో మైక్రోస్కోపు: 14 నెలలు వాడాక

ఈ మైక్రోస్కోపు కొనే ముందు నేను చదివిన అభిప్రాయాలన్నీ సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు రాసినవే. బోర్డు మీద చిప్పు ఎంత స్పష్టంగా కనపడుతుంది, సోల్డరింగ్ చేసేటప్పుడు చెయ్యి పెట్టడానికి చోటు ఎంత ఉంది, ఇవే ఉన్నాయి. పురుగుల్ని చూసేవాళ్లు రాసింది తెలుగులో నాకు ఒక్కటీ దొరకలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నేను కావలిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. 14 నెలలుగా ఇది మా ఇంట్లో, వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల మీద ఉంది. వారంలో నాలుగైదు రాత్రులు దీని ముందు కూర్చుంటాను. వాడేది ఒక్క పనికే, కీచురాళ్లను గుర్తుపట్టడానికి. కొందరు వీటిని ఇలకోడి అంటారు. ఎండాకాలం పట్టపగలు చెట్ల మీద గీపెట్టే పురుగును కూడా మనవాళ్లు కీచురాయి అనే అంటారు గానీ అది వేరు, దాని శబ్దం పొట్ట దగ్గరి పొరల నుంచి వస్తుంది. నేను చెప్పేది రాత్రిపూట రెక్కలు రుద్ది కూసే వాటి గురించి.

ముందు వస్తువు సంగతి. జూమ్ 7 రెట్ల నుంచి 45 రెట్ల దాకా తిరుగుతుంది. కళ్లు పెట్టేచోట రెండు 10 రెట్ల కటకాలు, కెమెరా బిగించుకోవడానికి మూడో గొట్టం. పైన ఒక ఎల్‌ఈడీ, కింద ఒక ఎల్‌ఈడీ, రెండింటికీ విడివిడిగా వెలుతురు తగ్గించే నాబ్‌లు. పార్సిల్ ఖర్చుతో కలిపి నాకు 21,500 రూపాయలయింది. సైన్సు పరికరాలకు పేరున్న అంబాలా నుంచి వచ్చింది. కంపెనీ పేరు రాయను. ఇదే నమూనా స్టిక్కరు మార్చి వేరే పేర్లతో కూడా కనపడింది నాకు.

కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపులు ఉండగా ఇది ఎందుకు అని మా ఆయనే అడిగారు. ల్యాబులో ఉండేవి పలచటి స్లైడు చూడటానికి. వెలుతురు కింది నుంచి గాజు గుండా రావాలి, బొమ్మ తలకిందులుగా కనపడుతుంది, కటకానికీ స్లైడుకూ మధ్య సూది కూడా దూరదు. కీచురాయిని నిండుగా దాని కింద పెట్టలేం. స్టీరియోలో పురుగు ఉన్నది ఉన్నట్టు, లోతుతో సహా కనపడుతుంది. ఇందులో కటకం కింద 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంది. రెండు చేతులూ పెట్టి, కళ్లు తియ్యకుండా, ట్వీజర్‌తో రెక్క విప్పొచ్చు. నాకు ఈ ఒక్క గుణానికే సగం డబ్బు చెల్లిపోయింది.

కొనడానికి కారణం మాత్రం ఇరకం.

మా విద్యార్థి ఒకడిది పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం దీవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ఆ దీవి ఉన్న తడ మండలం, పక్కన సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ మా నోటికి ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే వస్తుంది. కిందటేడు జనవరిలో వాడితో కలిసి, మరో ఇద్దరు ఆడపిల్లల్ని తోడు తీసుకుని వెళ్లాను. భీములవారిపాలెంలో పడవెక్కి దాటాం. రాత్రి వాళ్ల ఇంటి వసారాలో కూర్చుని ఉంటే బయట పొదల్లోంచి కూత మొదలయింది. వాళ్ల అవ్వ అంది: "మా దీవిలో కూసేది మీ ఊళ్లో కూసేదాని మాదిరి ఉండదమ్మా. ఇది నింపాదిగా కూస్తాది."

నేను నిజంగానే చెవి పెట్టి విన్నాను. అవ్వ మాట నిజం. కావలిలో ఊరి బయట పొదల దగ్గర సెప్టెంబరులో రికార్డు చేసిన కూత నా ఫోన్‌లో ఉంది. దాని పక్కన పెడితే ఇరకం కూత మూడింట ఒక వంతు నెమ్మది. మా పిల్లవాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీవికే సొంతమైన జాతి అనుకున్నాడు, దానికి "ఇరకమెన్సిస్" అని పేరు కూడా అనేసుకున్నాడు. ఊరి పేరుకు చివర అలా తగిలించి జాతికి పేరు పెట్టడం శాస్త్రంలో ఉన్న పద్ధతే. హవాయిలో కోహాలా కొండల పేరు మీద లౌపాలా కోహాలెన్సిస్ అని ఒక కీచురాయి ఉంది. వాడు ఆశపడినందుకు నేను వాణ్ని తప్పుపట్టలేదు. నాకూ గుండె వేగంగా కొట్టుకుంది.

హవాయి పేరు ఎత్తాను కాబట్టి చెప్పాలి, ఎందుకంటే దీవి కీచురాళ్లంటే ముందు తెలుసుకోవాల్సింది అక్కడే ఉంది. లౌపాలా అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, 38 జాతులున్నాయి, అన్నీ హవాయి దీవుల్లో మాత్రమే ఉంటాయి. చాలామటుకు ఒక్కో జాతి ఒక్కో దీవికే పరిమితం. చిన్నవి, గోధుమ రంగువి, ఎగరలేవు. ఒకదాని పక్కన ఒకటి పెడితే కంటికి తేడా తెలియదు. పాట వింటే తెలుస్తుంది. హవాయి పెద్ద దీవిలో లౌపాలా పారానైగ్రా సెకనుకు సుమారు 0.7 సార్లు టిక్‌మంటుంది, లౌపాలా కోహాలెన్సిస్ సుమారు 3.7 సార్లు. ఆడవి తమ జాతి మగవాటి లయకే మొగ్గుతాయి. ఒక దీవిలో కాస్త లయ మారినా, పోనుపోను అటువాళ్లు ఇటువాళ్లతో కలవడం మానేయొచ్చన్నమాట. 2005లో మెండెల్సన్, కెర్రీ షా ప్రచురించిన లెక్క ప్రకారం ఆ పెద్ద దీవి మీది లౌపాలాల గుంపు ఒకటి 10 లక్షల ఏళ్లకు 4.17 జాతుల చొప్పున విడిపోయింది. కీటకాల్లో అది చాలా వేగం. ఆ పెద్ద దీవి వయసే సుమారు 5 లక్షల ఏళ్లు. కవాయి దీవి దానికి పది రెట్లు పాతది.

ఇది చదివి ఉన్నాను కాబట్టే ఇరకంలో నెమ్మదిగా వినపడిన కూత నన్ను అంతగా పట్టుకుంది. అయితే పాట ఒక్కటే చాలదు. ఆ పెద్ద దీవిలోనే, చల్లారిన లావా మీద, మొక్క మొలవక ముందే చేరే కీచురాయి ఒకటి ఉంది, కాకోనెమోబియస్ ఫోరీ. 1978లో గర్నీ, రెంట్జ్ దాన్ని వర్ణించారు. దానికి రెక్కలే లేవు, కూత లేదు. చెవి మీద ఆధారపడితే అది ఉన్నట్టే తెలియదు. ఇంకో కథ కవాయి దీవిది. అక్కడ టెలియోగ్రిల్లస్ ఓషియానికస్ అనే కీచురాయి ఉంది. అది ఆ దీవికే పరిమితమైంది కాదు, పసిఫిక్ అంతా, ఆస్ట్రేలియాలో కూడా ఉంటుంది. ఆర్మియా ఓక్రేసియా అనే ఈగ కూత విని వచ్చి దాని మీద పిల్లపురుగుల్ని వదులుతుంది, అవి లోపల పెరిగి దాన్ని చంపేస్తాయి. 2003లో మార్లీన్ జుక్ బృందానికి అక్కడ మగ కీచురాళ్లు చాలావరకు మూగవిగా కనపడ్డాయి. రెక్క చూస్తే కారణం తెలిసింది. పాట పుట్టించే భాగాలు దాదాపు చెరిగిపోయి, రెక్క ఆడదాని రెక్కలాగా చదునుగా ఉంది. 2006లో దాన్ని ప్రచురించారు. పేరు పెట్టాలన్నా, పాటకు ఏమయిందో తెలుసుకోవాలన్నా చివరికి రెక్క చూడాల్సిందే.

అందుకే ఇరకం నుంచి వచ్చిన రెండు నెలలకు, మార్చిలో, ఈ మైక్రోస్కోపు కొన్నాను.

ఇరకం నుంచి నేను ఒక్క పురుగునూ తేలేదు. అది పులికాట్ పక్షుల అభయారణ్యం పరిధి, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఏ ప్రాణినీ పట్టకూడదు. ఫోన్‌లో కూత, ల్యాబు థర్మామీటరుతో ఉష్ణోగ్రత, చీటీ మీద టైము, అంతే. మైక్రోస్కోపు కింద పెట్టినవన్నీ కావలివి. మా వంటగది, వీధి దీపం కింద, ఊరి బయట పొదలు.

మొదటి వారం నిరాశే. కీచురాయి ఒళ్లు నున్నగా మెరుస్తుంది. పైనున్న ఎల్‌ఈడీ వేస్తే వీపు మీద తెల్లటి చుక్క ఒకటి మెరిసి మిగతాదంతా నల్లగా కనపడింది. వెలుతురు తగ్గిస్తే అంతా మసక. పరికరం బాగా లేదనుకుని వెనక్కి పంపాలనుకున్నాను కూడా. తప్పు పరికరానిది కాదు. పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి, పైన చిన్న రంధ్రం చేసి, పురుగు మీద గొడుగులాగా బోర్లించాను. బంతి చుట్టూ రెండు చిన్న టేబుల్ ల్యాంపులు. మెరుపు పోయి రెక్క మీద ప్రతి ఈనె బయటపడింది. బటర్ పేపరు చుట్టినా పనవుతుంది గానీ బంతే మేలు. కొనేవాళ్లు ఎవరైనా సరే, పైలైటు గురించి అంగడివాళ్లు చెప్పేది పట్టించుకోకండి, ఒక బంతి కొనుక్కోండి.

పురుగు కదలకుండా నిలబడాలంటే ఇంకో ఉపాయం. తుమ్మలపెంట బీచి నుంచి గుప్పెడు సన్న ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టి, గాజు గిన్నెలో పోసి దాని మీద ఆల్కహాలు పోశాను. అందులో పురుగును గుచ్చి పెడితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. మరీ చిన్న భాగాలకు హ్యాండ్ శానిటైజర్ జెల్లు. ఒక చుక్క వేసి అందులో ఉంచితే తేలదు, మునగదు, పెట్టినచోటే ఉంటుంది. ట్వీజర్లు మా ట్రంకు రోడ్డులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గర కొన్నాను. మొనలు ఆయనే రాయి మీద సానపట్టి ఇచ్చారు. డబ్బా లోపల పరికరంతో పాటు వచ్చిన ట్వీజర్ మొద్దుగా ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

ఇక రెక్క. ఇది చూడటానికే నేను కొన్నాను, ఇక్కడ ఇది నన్ను కొంచెం కూడా నిరాశపరచలేదు. కీచురాయి కుడి రెక్క ఎడమ రెక్క మీద ఉంటుంది. కుడి రెక్కను నెమ్మదిగా విప్పి అడుగు భాగం పైకి తిప్పితే ఒక ఈనె మీద వరసగా పళ్లు ఉంటాయి, ఆకురాయి మీద గీతల్లాగా. ఎడమ రెక్క అంచు దాన్ని గీకుతుంది. రెక్కలు మూసుకున్న ప్రతిసారీ ఒక టిక్. పళ్ల వరస పక్కనే ముక్కోణంగా పలచటి చోటు, దాన్ని హార్ప్ అంటారు, మా పిల్లలు వీణ అని పిలుస్తున్నారు. దాని వెనక గుండ్రంగా, గాజులాగా ఉండే చోటు మిర్రర్, అద్దం. ఆ రెండూ కంపించి శబ్దాన్ని పెంచుతాయి. 30 రెట్లలో వీణ, అద్దం మొత్తం ఒకేసారి కళ్లల్లో నిండుతాయి. మొదటిసారి చూసినప్పుడు మా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు, ఒకమ్మాయి రెండోసారి వరసలో నిలబడింది.

పళ్లు లెక్కపెట్టడం మాత్రం 45 రెట్లలో కష్టం. ఉన్నాయని తెలుస్తుంది, ఒక్కొక్కటి విడిగా పట్టుకోలేం. మూడుసార్లు లెక్కపెడితే మూడుసార్లూ వేరే సంఖ్య వచ్చింది. రెక్కను తీసి గాజు పలక మీద పరిచి కాలేజీలోని మామూలు మైక్రోస్కోపులో చూసి లెక్కపెడుతున్నాను. జాతిని వర్ణించేటప్పుడు పళ్ల సంఖ్య రాయాల్సి వస్తుంది కాబట్టి ఇది చిన్న లోపం కాదు. 2 రెట్ల అదనపు కటకం విడిగా దొరుకుతుంది, బిగిస్తే 90 రెట్లవుతుంది, కానీ అప్పుడు కింది ఖాళీ బాగా తగ్గిపోతుంది. నేను కొనలేదు.

ఇది మాకు మొదట నేర్పింది ఇరకం గురించి కాదు, మా వంటగది గురించి. సింకు కింద నుంచి పిల్లలు రెండు రకాల కీచురాళ్లు పట్టుకొచ్చారు. ఒకదానికి పొట్ట సగం దాకా వచ్చే పొట్టి రెక్కలు, రెండోదానికి రెక్కలే లేనట్టుంది. రెండోది వేరే జాతి అని ఒకరు, ఇంకా ఎదగని పిల్ల అని ఇంకొకరు. 15 రెట్లలో చూస్తే రెండోదాని వెనక సూదిలాంటి గుడ్లు పెట్టే అంగం పూర్తిగా ఎదిగి ఉంది, భుజాల దగ్గర చిన్న రెక్క పేళ్లు ఉన్నాయి. అది ఎదిగిన ఆడది. రెండూ గ్రిల్లోడెస్ సిజిల్లాటస్ అనే ఒకే జాతి, లోకమంతా ఇళ్లల్లో తిరిగేది. ఇంకా కొన్ని జాతుల్లో పెద్దవయ్యాక ఎగిరే రెక్కల్ని వాటంతట అవే రాల్చేసుకుంటాయి. నిన్న తోకల్లాగా పొడుగ్గా ఉన్న రెక్క కొసలు ఇవాళ ఉండవు, చూసినవాడు కొత్తది అనుకుంటాడు. దీవిలో దొరికిందనగానే కొత్త జాతి అనిపించడం ఎంత తేలికో, అది ముందే పేరున్నది కాదని చూపించడం ఎంత కష్టమో నాకు మా సింకు కింద తెలిసింది.

ఆ చూపించడానికి ఏమేం చేయాలో ఒకసారి మా పిల్లలతో మొత్తం చేయించాను, పేరున్న మామూలు కీచురాయి మీదే. మెడ పలక పొడవు, వెడల్పు, ముందు రెక్క పొడవు, వెనక తొడ పొడవు, ఆడదానికి గుడ్ల సూది పొడవు. ముందుకాలు మోకాలి కింద చెవి పొర ఉందా, రెండు వైపులా ఉందా ఒకవైపేనా. పాదంలో మూడు ఖండాలా నాలుగా. మూడయితే కీచురాయి, నాలుగయితే దాని దగ్గరి చుట్టం, ఆకుపచ్చగా పొడుగు మీసాలతో ఉండే ఆకు మిడత. అన్నిటికంటే ముఖ్యం మగదాని పొట్ట చివర లోపల దాగి ఉండే గట్టి భాగాలు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు జాతుల్ని చాలాసార్లు అవే విడదీస్తాయి. పొట్ట కొసను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే మెత్తటి కండ కరిగిపోయి ఆ భాగం మాత్రం తేనె రంగులో మిగులుతుంది. దాన్ని గ్లిసరిన్‌లో ఉంచి, పక్క నుంచి, పై నుంచి, కింది నుంచి బొమ్మ గియ్యాలి. ఈ మైక్రోస్కోపు లోతు చూపించే తీరు ఇక్కడ ఎంతో ఉపయోగపడింది. వంపు ఎటు తిరిగిందో, ఏ కొన ముందుకు వచ్చిందో ఫొటోలో చదునైపోతుంది, కళ్లతో చూస్తే తెలిసిపోతుంది. మా పిల్లల్లో బొమ్మలు వేసే అబ్బాయి ఒకడున్నాడు, వాడు చూస్తూ గీసిన బొమ్మ నేను తీసిన ఫొటోల కంటే నయం.

నిజంగా కొత్త జాతి అయితే ఒకే ఒక్క పురుగును ప్రామాణిక నమూనాగా పెట్టాలి, దాన్ని హోలోటైపు అంటారు. ఆ పేరు మీద ఎప్పుడు సందేహం వచ్చినా అందరూ ఆ పురుగు దగ్గరికే రావాలి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుక్కున్నవాళ్లు నమూనాలను ప్రభుత్వం నిర్ణయించిన భాండాగారంలో అప్పగించాలి. కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దగ్గర అలాంటి జాతీయ సేకరణ ఉంది. ఇంట్లో అగ్గిపెట్టెలో దాచుకుని పేరు పెట్టేసుకోవడం కుదరదు. పోల్చి చూడటానికి కూడా ఈ పని మనకంటే ముందు చేసినవాళ్లు వదిలివెళ్లినవి కావాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూసియాన్ షోపార్ 1969లో భారతదేశపు కీచురాళ్ల మీద తెచ్చిన సంపుటం ఇప్పటికీ తెరవక తప్పదు.

కొలతల దగ్గర ఈ పరికరానికి ఉన్న అసలు లోపం చెప్పాలి. జూమ్ నాబ్ ఎక్కడా టక్కుమని ఆగదు, నున్నగా తిరుగుతుంది. చూడటానికి బాగుంటుంది, కొలవడానికి ప్రమాదం. కంటి కటకంలో పెట్టుకున్న స్కేలు ఒక్కో గీత ఎంతో ముందుగా మిల్లీమీటరు గీతల గాజు పలకతో సరిచూసుకోవాలి. నాబ్ వెంట్రుకవాసి కదిలినా ఆ లెక్క తప్పు. మేము మొదటి నెల తీసిన తొడ కొలతలన్నీ పారేశాను. 20 కొలతలవి, నాలుగు సాయంత్రాల పని. ఇప్పుడు నాబ్ మీద గోళ్ల రంగుతో 10, 20, 40 దగ్గర గుర్తులు పెట్టాను, ప్రతి సాయంత్రం మొదట పలకతో సరిచూస్తాను. కొలిచే పని ఉన్నవాళ్లు జూమ్ అడుగడుగునా ఆగే నమూనా అడిగి తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా.

అమ్మినవాళ్ల సేవ గురించి బాధతోనే రాస్తున్నాను. ఒక కంటి కటకానికి రబ్బరు తొడుగు రాలేదు, మిల్లీమీటరు పలక ఇస్తామని చెప్పి పెట్టలేదు. ఆరుసార్లు ఫోన్ చేశాను. పలక రెండు నెలలకు వచ్చింది, తొడుగు రానేలేదు. కళ్లద్దాలు పెట్టుకునే నాకు ఆ తొడుగు లేకపోతే కటకం మీద గీతలు పడతాయని టెన్షన్. చివరికి సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి తొడిగాను. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకుని ఉంటే అంత వాదన అవసరమయ్యేది కాదు. మీరు తియ్యండి.

మా సముద్రపు గాలికి కటకాల్లో బూజు పట్టడం ఇంకో భయం. వాడనప్పుడు ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పొద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. నేను పాత బీరువాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను, నెలకోసారి పెనం మీద వేడిచేసి మళ్లీ వాడతాను. ఒక వర్షాకాలం దాటింది, కటకం శుభ్రంగానే ఉంది. తుపాను రోజుల్లో కరెంటు పోయినా ఎల్‌ఈడీలు కాబట్టి ఇన్వర్టరు మీద హాయిగా నడుస్తుంది.

ఇరకం కూత సంగతి ఏమయిందో చెప్పాలి. ఊరి బయట పొదల్లో కూసేది లేత ఆకుపచ్చ రంగు చెట్టు కీచురాయి, ఈకాంథస్ ప్రజాతి. రెక్కలు గాజు పొరల్లాగా, వెడల్పుగా ఉంటాయి. అమెరికాలోని ఈకాంథస్ జాతుల్ని మీసం మొదటి రెండు ఖండాల మీది నల్ల మచ్చలు చూసి వేరుచేస్తారని చదివి, ఆ మచ్చలే 40 రెట్లలో గంటలకొద్దీ చూశాను. అలా చూస్తున్న రోజుల్లోనే నా చీటీలు మళ్లీ తిరగేశాను. ఇరకంలో రికార్డు చేసిన రాత్రి ఉష్ణోగ్రత 21 డిగ్రీలు. సరస్సు మీది గాలి, జనవరి. కావలిలో సెప్టెంబరు రాత్రి 28. కీచురాయి ఒంటికి సొంత వేడి లేదు, చల్లబడితే కండరం నెమ్మదిస్తుంది, రెక్క నెమ్మదిస్తుంది. 1897లోనే డోల్‌బేర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త కూతలు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం రాశాడు. అక్కడి చెట్టు కీచురాయికి 8 సెకన్లలో వచ్చే కూతలకు 5 కలిపితే దాదాపు సెల్సియస్ డిగ్రీలు వస్తాయి. నేను క్లాసులో చెప్పే పాఠమే ఇది, ఆ రాత్రి దీవిలో నాకు గుర్తు రాలేదు.

డిసెంబరు వచ్చేదాకా ఆగాం. కావలి బయట అవే పొదల దగ్గర 21, 22 డిగ్రీలున్న మూడు రాత్రులు రికార్డు చేసి, ఇరకం కూత పక్కన కంప్యూటర్‌లో, శబ్దాల్ని గీతలుగా చూపించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాం. లయ ఒకటే.

మా పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వాడే మ్యాపు తెచ్చి కూర్చున్నాడు. హవాయి దగ్గరి ఖండానికి దాదాపు 3,800 కిలోమీటర్ల దూరం, మధ్యలో లోతైన సముద్రం, లక్షల ఏళ్లు. పులికాట్ కొన్ని వేల ఏళ్ల నాటి ఉప్పునీటి సరస్సు, లోతు తక్కువ, ఎండాకాలం ఉత్తరం వైపు చాలామేర ఎండి నేల బయటపడుతుంది. పడవలో మేత మోపులు, కట్టెలు రోజూ అటూ ఇటూ పోతాయి, వాటిలో గుడ్లున్న కొమ్మలూ పోతాయి. ఈకాంథస్ ఆడది గుడ్లు కొమ్మల్లోనే పెడుతుంది. ఇది వాడే అన్నాడు, నేను చెప్పలేదు. నాకు ఆ రోజు ఈ మైక్రోస్కోపు కొన్న డబ్బు మొత్తం వచ్చేసినట్టు అనిపించింది. అయినా లయ ఒకటే కాబట్టి జాతి ఒకటే అని మేము రాసేయలేదు. ఇరకం పురుగు రెక్క, పొట్ట కొస చూడాలి. అటవీ శాఖకు కాలేజీ తరఫున అర్జీ పెట్టాం.

కొనొచ్చా అంటే, జువాలజీ, వ్యవసాయం చదివే పిల్లలకూ, చెప్పే మాలాంటివాళ్లకూ కొనమనే అంటాను. ఐదుకు నాలుగు. కొలతలే ముఖ్యమైన పని అయితే మూడు. ఫొటోలకే అయితే ముందు ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్సు ప్రయత్నించండి, చాలా తక్కువకు దొరుకుతుంది.

ఈ జనవరిలో మళ్లీ ఇరకం వెళ్లినప్పుడు రెక్క ఫొటో పెద్దది ప్రింటు తీయించి అవ్వకు తీసుకెళ్లాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, పళ్ల వరస మీద వేలు ఆనించి చూసింది.

"నోటితో కాదా కూసేది?"

"కాదవ్వా, ఈ రెక్కతోనే. మీరు చెప్పింది నిజమే, ఆ రాత్రి నింపాదిగానే కూసింది. చలికి అట్లా కూస్తుంది."

"చలిలో వల లాగేటప్పుడు మావోళ్ల చేతులు కూడా అంతే గదమ్మా" అంది.

ఆ ఫొటో ఇప్పుడు వాళ్ల వసారా గోడకు ఉంది. దాంట్లో అద్దం ఉన్న మూల తెల్లగా మెరిసిపోయింది, పింగ్‌పాంగ్ బంతి వాడకముందు తీసింది అది. ఈసారి వెళ్లేటప్పుడు మంచిది తీసుకెళ్లాలి.